పదును వానకు పరుగెత్తిన మేనత్త

పోయిన సోమవారం పొద్దున బెళుగుప్ప నుంచి బావ ఫోన్ చేసి, "అమ్మ పోయిందిరా" అన్నాడు. ఏడుపు రావాల్సింది. ముందు కోపమే వచ్చింది. మా మేనత్త విషయంలో నాకు ఎప్పుడూ అంతే, ప్రేమ ఎక్కడుందో వెతుక్కునేలోపు కోపం వచ్చి కూర్చుంటుంది.

ఆమెతో బస్సు ప్రయాణం ఒక శిక్ష. కిటికీ పక్కన కూర్చుని, దారి పొడవునా ఎవరి చేలో శనక్కాయ విత్తనం ఎలా పడిందో తీర్పులు చెప్పేది. "ఎవురప్పా ఈడ ఇత్తనం ఏసింది? కండ్లు యాడ పెట్టుకున్నాడు?" అని అరిస్తే బస్సంతా మావైపు తిరిగేది. ఆ ఆసామి ఇదే బస్సులో ఉండొచ్చత్తా అంటే, "ఉంటే మంచిదే, ఇనుకోనీ" అనేది. అనే హక్కు ఉందనుకోండి. ఎద్దుల గొర్రు వెనక నడుస్తూ, దాని మీది చెక్క గిన్నెలోకి గుప్పిట్లోంచి గింజలు జారవిడవడంలో ఆమె చేతికి ఎదురులేదు. ట్రాక్టర్లు వచ్చాక కూడా వాటిని తన చేలోకి రానివ్వలేదు.

ఈ వేసవిలో ఆమెకు తలనొప్పి మొదలైంది. ఎండ అంది. వాంతులైతే పైత్యం అంది. చేతిలోని చెంబు జారిపడితే చెంబును తిట్టింది. చివరికి బెంగళూరులో ఆపరేషన్ చేసి మెదడులోంచి గడ్డ తీశారు. సార్కోమా అన్నారు. మామూలుగా ఎముకల్లోనో కండల్లోనో పుట్టే క్యాన్సరట, మెదడులోనే పుట్టడం చాలా అరుదట. "అన్నీ పోయి నీకు ఇదే దొరికిందా అత్తా?" అన్నాను. "నేనేమన్నా అంగట్లో అడిగి తెచ్చుకున్నానా?" అంది.

డాక్టరును సూటిగా అడిగింది. "బతుకుతానా, ల్యాదా? అది చెప్పప్పా."

కనిపించినంత మేర తీసేశామనీ, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుంటే మేలనీ ఆయన చెప్పాడు. కొందరు ఏళ్ల తరబడి బాగున్నారు, కొందరికి నెలల్లోనే తిరిగొచ్చింది, ఇలాంటివి చూసినవాళ్లే తక్కువ కాబట్టి ఖాయంగా చెప్పలేనన్నాడు. కరెంటు మాత్రం మధ్యలో ఆపొద్దని మరీ మరీ చెప్పాడు. అత్త బయటికొచ్చి, "ఆయప్పకే తెలీదంట" అంది. అంతసేపూ ఆమె విన్నది ఆ ఒక్క ముక్క! నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కరెంటు సగంలో ఉండగా బెళుగుప్పలో వాన పడింది. బావ ఆ మాట ఆమెకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాడు. నేలలో ఆ తడి పదును ఆరేలోపు విత్తనం పడాలని మా సీమలో పసిపిల్లలకూ తెలుసు. నేను మందుల షాపుకు వెళ్లి ఆస్పత్రి దగ్గరి మా అద్దె గదికి వచ్చేసరికి, అత్త గుండుకు కొంగు చుట్టుకుని, సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

"యాడికి?"

"ఊరికి పోతాండా. ఇత్తనం ఏసి వస్తా."

"కూలోళ్లు ఏస్తార్లే అత్తా. డాక్టరు ఆపొద్దన్నాడు కదా!"

"కూలోళ్లు ఏస్తే ఒగచోట గుంపు, ఒగచోట సందు. ఈ కరెంటు యాడికన్నా పోతాదా? పదును పోతాదిరా, రేయ్!"

బతిమాలాను. తిట్టాను. నర్సుతో చెప్పించాను. ఆమె వెళ్లింది, వేసింది, వారం దాటాక తిరిగొచ్చి మిగతా కరెంటు పెట్టించుకుంది. వినాయక చవితి నాటికి గడ్డ మళ్లీ వచ్చింది.

ఆ వారం ఆపినందుకేనా అని డాక్టరును నిలదీశాను. అయ్యుండొచ్చు, ఆపకపోయినా వచ్చి ఉండొచ్చు, అన్నాడు. ఇదేం జవాబండీ! ఎవరి మీద కోపం పెట్టుకోవాలో కూడా తేల్చని జబ్బు ఇది. అత్తతో అదే అన్నాను. మంచం మీద నుంచే నవ్వింది. "నా మీదే పెట్టుకోరా. నాకు అలవాటే."

అంతా అయ్యాక ఆమె చేలోకి వెళ్లాను. ఆ వాన తర్వాత మళ్లీ సరైన వాన లేదు. ఒక మొక్క పీకి చూశాను. పూల నుంచి మన్నులోకి ఊడలు దిగాయి, కాయ పట్టలేదు. "ఇందుకా అత్తా?" అని గట్టిగానే అరిచాను. సాళ్లు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎక్కడా గుంపు లేకుండా నిలబడి ఎండిపోతున్నాయి. నా కంటికి ఆనిన సందు ఒక్కటే, నేను మొక్క పీకిన చోటు. ఆ ఎండిన మొక్కనే మళ్లీ గుంటలో నిలబెట్టి, మొదలు చుట్టూ మన్ను కప్పి వచ్చాను.