సొట్ట తీసిన మడ్గార్డు

మా కారుకు తగిలింది పెద్ద దెబ్బేం కాదు. మా నాయన ధర్మవరంలో శెనక్కాయల వ్యాపారిని చూసి తిరిగొస్తాంటే, పెనుకొండ దగ్గర మలుపులో ఎదురొచ్చిన ఎద్దులబండి ఇరుసు ఎడమపక్క మడ్గార్డును గీరుకుంటా పోయింది. ఒక సొట్ట, రంగు లేచిపోయిన గీత, అంతే. ఎద్దులకేం కాలేదు, బండాయనకేం కాలేదు. రేకు లోపలికి ఒంగి టైరుకు రాసుకుంటాంటే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, గడ్డపార దూర్చి ఒక్క ఎత్తు ఎత్తినాడు. టైరు సులువుగా తిరిగింది. దాన్ని ఆడికి వదిలేసింటే నేనిప్పుడు ఇదంతా చెప్పే పనే ఉండదు.

అది అరవైల మొదట్లో. మాది పెనుకొండకు మట్టిదోవన పోవాల్సిన పల్లె. అమ్మకు తొమ్మిదో నెల. అంతకుముందు కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి ఇంట్లోనే పోయింది. అందుకే హిందూపురం డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పింది, నొప్పులు మొదలైతే మంత్రసాని కోసం చూస్తా కూచోవద్దు, ఆ పూటే నా దగ్గరికి తేవాల అని. ఇంట్లో కారుండాది కాబట్టి అమ్మ ధైర్యంగా ఉండె. నీళ్ళకు పోయినా, దొడ్లోకి పోయినా, కొట్టంలోకి ఒకసారి తొంగిచూసి కారు ఆడ ఉండాదో లేదో చూసుకునేది.

సొట్టను ఏం చేయాల్నని మా ఇంట్లో పంచాయితీ మొదలైంది. మామది ఒకటే మాట. కాన్పు అయ్యేదాకా దాని జోలికి పోవద్దు, తర్వాత తీరిగ్గా చేపిస్తాం అని. నాయనకు మనసొప్పలేదు. ఆయన నలుగురిలో తిరిగే మనిషి. కారు తోమిన చెంబు మాదిరి మెరవాల. మా నాయన చెడ్డోడు కాదు, కానీ ఎవరేమనుకుంటారో అనే దెయ్యం పట్టుండె ఆయనకు. అయినా మామ మాటకు తల ఊపేటోడే. మధ్యలో మా అవ్వ, నాయన వాళ్ళమ్మ, నోరు తెరిచింది.

"దెబ్బ తిన్న బండిలో చూలాలిని ఎక్కించేది లేదు. బండి మీద మచ్చ బిడ్డకు తగుల్తాది."

మా పక్క ఎద్దులబండి ఇరుసు విరిగినా అంతే. కొత్త ఇరుసు ఏసి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించినంకనే కడుపుతో ఉండే ఆడమనిషిని ఎక్కనిచ్చేది. ఆ ఆచారాన్ని అవ్వ తెచ్చి కారుకు తగిలించింది. ఇంతకుముందే ఒక బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు అది, ఎవరు కాదంటారు? మామ కూడా తల వంచుకున్నాడు. అమ్మను మాత్రం ఎవరూ అడగలేదు.

సరే, చేపిచ్చేదైనా తొందరగా చేపియ్యొచ్చు కదా. హిందూపురంలో బస్సులకు రేకు కొట్టే షెడ్డు మేస్త్రి రెండు దోవలు చెప్పినాడంట. సొట్ట తీసి, పైపైన కుంచెతో రంగు పూస్తే ఆ సాయంత్రానికే కారు ఇంటికి పోతాది, కానీ చూసినోళ్ళకు తెలుస్తాది. మడ్గార్డు ఊడదీసి, కొయ్యసుత్తితో సాపు చేసి, పూత మీద పూత ఏసి ఆరబెడితే దెబ్బ తగిలినట్లు ఎవరికీ తెలీదు, కానీ వారం పైనే పడ్తాది. మచ్చ కనపడితే అవ్వ ఎక్కనియ్యదు, ఊరోళ్ళు నవ్వుతారు. నాయన రెండో దోవే పట్టినాడు. నెల నిండేదానికి ఇంకా టైముండాది అనుకున్నారు. టైమంట! వీళ్ళ లెక్క ప్రకారం నొప్పులొస్తాయా? తలచుకుంటే నాకు ఈ పొద్దుటికీ ఒళ్ళు మండుతాది.

ఒక పొద్దున రాగులు చెరుగుతా చెరుగుతా అమ్మ చేట కింద పెట్టి నడుం పట్టుకునింది. మామ ఎద్దులను కట్టినాడు. బండిలో వరిగడ్డి పరిచి, మీద బొంత ఏసి అమ్మను పండబెట్టినారు. తల నా ఒడిలో. గుంతలో చక్రం పడినప్పుడల్లా అమ్మ నా చెయ్యి నలిపేస్తాండె, అరవడం మాత్రం లేదు. కారు లేని కొట్టం దాటేటప్పుడు అటు తిరిగి చూసింది. పెనుకొండలో చూసిన నర్సమ్మ, ఇది నాతో అయ్యేది కాదు, హిందూపురమే పోవాల అనింది. బస్సు అప్పుడే పోయిందంట. ఇంగో బస్సు వచ్చి, నిలిచి నిలిచి పోయి, మేము డాక్టరమ్మ దగ్గరికి చేరేటప్పటికి ఎండ వాలిపోయింది.

అమ్మ బతికింది. బిడ్డ చచ్చి పుట్టినాడు. బాగా బలంగా ఉండే మగబిడ్డ, తలనిండా వెంట్రుకలు.

"మీకు కారుండాదంటిరే, ఇంతసేపు యాడున్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

కారు ఆ ఊర్లోనే, రెండు వీధుల అవతల రేకుషెడ్డులో, మడ్గార్డు లేకుండా నిలబడుండె. చేతులు కాలినంక ఆకులు పట్టుకోవడమంటారు, మాకు పట్టుకునేదానికి ఆకులు కూడా లేవు.

అమ్మ లేచి తిరిగేనాటికి కారు ఇంటికొచ్చింది. మేస్త్రి పనికి వంక పెట్టేదానికి లేదు. నేను పక్కనుంచి చూసినా, వంగి చూసినా, దెబ్బ యాడ తగిలిందో కనుక్కోలేకపోతిని. అవ్వ ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. ఇంగ ఏ దోషమూ లేదు, రామ్మా, గుడికి పోయొస్తాం అని అమ్మను పిలిచింది.

అమ్మ వచ్చింది. కొర్రలు దంచే రోకలి చేతిలో ఉండాది. ఎవరికీ ఏమీ అర్థమయ్యేలోపల దాన్నెత్తి, ఎడమపక్క మడ్గార్డు మీద ఒక్క పోటు పొడిచింది. రేకు లోపలికి కుంగిపోయింది. అమ్మ రొప్పుతా నిలబడింది. అత్త ముందర ఏనాడూ గొంతు పెంచని మనిషి, అప్పుడు కూడా పెంచలేదు.

"దెబ్బ తిన్న బండి బిడ్డకు కాదంటిరి కదత్తా. ఇంగ బిడ్డ లేడు. బండి ఎట్లుంటే ఏమి?"

అవ్వ అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకునింది. నాయన అమ్మ చేతిలోనుంచి రోకలి తీసుకోని పోయి లోపల పెట్టొచ్చినాడు. ఆ సొట్టను తీపియ్యాలని మా ఇంట్లో మళ్ళా ఎవరూ అనలేదు. కారు అమ్మిన దినం కూడా అది అట్లే ఉండె.