కొత్తది నాకొద్దు

అశోక్ నగర్‌లో నా కిరాయి గదిలో నల్లా కారుతోందని నెల రోజులు ఓనరమ్మ వెంటపడ్డాను. చివరికి ఆమె కొత్త నల్లా కొని ప్లంబర్‌ని తీసుకొచ్చిన రోజు, నేను గుమ్మం వైపు వీపు పెట్టి లాప్‌టాప్‌లో లినక్స్ అప్‌డేట్ చేస్తున్నాను. నేను చేత్తో దిద్దుకున్న సెట్టింగుల ఫైలు దగ్గర అది ఆగి, నీ పాత ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడిగింది. ప్రతిసారీ ఇదే గోల. ఒళ్లు మండింది.

"పాతదే ఉండాలి! కొత్తది నాకొద్దు!" అని అరిచాను.

వెనక నుంచి ఓనరమ్మ గొంతు వినిపించింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా? నెల దినాలు నా పానం తీస్తివి!"

తిరిగి చూసేసరికి ప్లంబర్ కొత్త నల్లాతో సహా మెట్లు దిగుతున్నాడు.

ఇప్పుడు నా ఫైలూ పాతదే, నల్లా కూడా పాతదే. రెండిట్లో కారేది ఒక్కటే కదా అని సర్దిచెప్పుకుంటున్నాను.