పడిపోయిన గోడల జాబితా

ఎనభైల్లో ఒక ఐప్పసి నెలలో, దీపావళి రోజుల వానకు చెరువు కట్ట తెగి సోగత్తూరు పల్లపు వీధి మునిగింది. అప్పుడు నేను తమిళనాడులోని ధర్మపురి తాలూకా ఆఫీసులో కొత్త గుమాస్తాను. సర్కారు సహాయం కోసం కూలిన ఇళ్ల జాబితా రాసుకు రమ్మని నన్ను, ఆ ఊరి గ్రామాధికారిని పంపారు. మేం వెళ్లేసరికి వరద తీసి తొమ్మిది రోజులైంది.

వీధి చివర ఒక వితంతువు ఇల్లు. కప్పు సగం లేదు, గోడలు మాత్రం నాలుగూ ఉన్నాయి. గ్రామాధికారి తమిళంలో, "గోడ నిలబడే ఉంది, రాయడానికి లేదు" అని ముందుకు కదిలాడు.

నేను గోడ మీద చెయ్యి పెట్టాను. మన్ను ఇంకా పచ్చిగా ఉంది. "ఎప్పుడు పెట్టినారమ్మా దీన్ని?" అని అడిగాను. నా నోట తెలుగు విని ఆమె దగ్గరకొచ్చింది.

"మొన్ననే నాయనా. నేనూ నా బిడ్డా మన్ను తొక్కి పెట్టుకున్నాము. పడిన గోడ మీకు చూపించేకి అట్లే పెట్టుకోని కూచోల్లా? వయసొచ్చిన పిల్ల ఉండే ఇల్లు."

నేను 'కూలింది' అని రాశాను. ఆఫీసులో తహసీల్దారు ఆ పేరు దగ్గర ఆగాడు.

"కూలడం నువ్వు చూశావా?"

"లేదు సార్. కొత్త గోడ చూశాను."

ఆయన కోప్పడలేదు. చూడనిది రాస్తే రేపు జవాబు చెప్పుకోవలసింది తనేనని చెప్పి, ఎర్ర సిరాతో ఆ పేరు కొట్టేశాడు. పక్క వీధిలో గోడలు ఎత్తకుండా మాకోసం కాచుకున్నవాళ్ల పేర్లు అన్నీ నిలిచాయి. వాళ్లూ అబద్ధం చెప్పలేదు. అదే నాకు మింగుడు పడలేదు.

ఆదివారం మళ్లీ వెళ్లి, ఆమె తరఫున తమిళంలో అర్జీ రాశాను. ఇరుగుపొరుగు ఆరుగురు సాక్షి సంతకాలు చేశారు. ఆమె వేలిముద్ర వేసింది. ఆ అర్జీని తహసీల్దారే పై ఆఫీసుకు పంపాడు.

నాలుగు నెలలకు, మాసి నెలలో సహాయం మంజూరైంది. చెప్పడానికి వెళ్తే, కప్పు అప్పటికే కొత్త బోదగడ్డితో కప్పి ఉంది.

"ఇల్లు అయిపాయ కదా నాయనా, ఇప్పుడు ఆ దుడ్డుతో ఏం చేసేది?" అంది. మళ్లీ తనే నవ్వింది. "నీళ్లల్లో నా మేక పోయింది. దాన్ని ఏ కాగితంలోనూ ఎవరూ రాసుకోలేదు."

ఆ వారం సంతలో ఆమె ఆ డబ్బుతో ఒక సూడి మేకను కొనుక్కుంది.