ఎంత బిగించినా ఊడే తలుపు

నా చిన్నప్పుడు మా ఇల్లు ఏనాడూ పూర్తయిన ఇల్లులా ఉండేది కాదు. ఎప్పుడూ ఏదో ఒక మూల విప్పి పెట్టి ఉండేది. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో మా నాన్నకి కార్ల కంపెనీలో ఉద్యోగం. తోటి తెలుగువాళ్ళంతా కొత్త కాలనీల్లో నిగనిగలాడే ఇళ్ళు కొనుక్కుంటుంటే, ఈయన మాత్రం పెద్ద చెట్లున్నాయనీ, కర్ర గట్టిదనీ, ఎవరి తాతలో కట్టుకున్న పాతకాలపు ఇల్లు కొన్నాడు. మంచు కరిగే రోజుల్లో బేస్‌మెంట్‌లోకి నీళ్ళు. చలికాలంలో కిటికీ సందుల్లోంచి గాలి. మెట్లెక్కితే కిర్రు కిర్రు. శనివారం వచ్చిందంటే పాత ప్యాంటు తొడుక్కుని సుత్తి పుచ్చుకునేవాడు. ఒకటి బాగుచేసేసరికి ఇంకోటి పాడయ్యేది. ఇంటికొచ్చిన ఆంటీలు "అన్నయ్యగారూ, ఇంకా అవలేదా మీ ఇల్లు?" అని వేళాకోళం చేస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. మా అమ్మ మాత్రం నవ్వేసి, "అయిపోతే ఈయనకి తోచదండీ" అనేది.

నేను నాలుగో క్లాసులో ఉండగా మా అమ్మకి క్యాన్సర్ అన్నారు. ఆ మాట మా ఇంట్లో పైకి అనకూడదు. ఒంట్లో బాగోలేదు అనాలి, అంతే. మందులు ఇక పనిచేయవని తేలాక డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. అమ్మ మెట్లెక్కలేదు కాబట్టి కింద భోజనాల గదిలో బల్ల తీసేసి, అక్కడ ఆసుపత్రి మంచం వేశారు. బాపట్ల నుంచి మా బామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, సాయానికి వచ్చింది. వంటిల్లు బామ్మది, ఆ గది అమ్మది, మిగతా ఇల్లంతా మా నాన్నది.

ఎందుకంటే ఆయన ఆ ఒక్క గదిలో తప్ప ఇల్లంతా ఉండేవాడు. ఆఫీస్ నుంచి రాగానే మంచానికి ఇవతల నిలబడి "ఎలా ఉంది?" అని అడిగేవాడు. "బాగానే ఉందండీ" అనేది అమ్మ. "తిన్నావా?" "తిన్నానండీ." ఇంతలో బామ్మ గుమ్మంలో కనపడితే చాలు, ఏదో తప్పు చేసి దొరికినవాడిలా బేస్‌మెంట్‌లోకి దిగిపోయేవాడు. ఇక భోజనాల వేళ దాకా కిందినుంచి సుత్తి చప్పుడు, రంపం చప్పుడు. అమ్మ ఆ చప్పుడు వింటూ పడుకునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. పెద్దవాళ్ళ గుసగుసలు నాకు అర్థం కాక కాదు. అమ్మ ఎక్కువకాలం ఉండదని నాకు తెలుసు. ఆ కాస్త కాలమైనా పక్కన కూర్చోకుండా, ఈ మనిషికి గోడలు ఎక్కువైపోయాయా అని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని.

అమ్మ మంచం పక్కన గోడలోకి కట్టిన చెక్క అలమర ఒకటి ఉండేది. దాని కింది అరకి చిన్న తలుపు, అమ్మ పడుకుని చేయి చాపితే అందేంత దగ్గర. ఒక సాయంత్రం ఆ తలుపు కీలు వదులై ఒక పక్కకి వేలాడింది. "ఏమండీ, ఇదేదో ఊడేలా ఉంది, ఒకసారి చూస్తారా?" అని అమ్మ కేకేసింది. కేక అంటే కేక కాదు, అంత ఓపిక ఎక్కడిది, నన్ను పంపించింది. నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అరగంట పట్టింది ఆ పనికి. అరగంటా ఇద్దరూ నెమ్మదిగా మాట్లాడుకున్నారు. కొత్తగా కాపురానికొచ్చిన చలికాలంలో పిండి పులవడం లేదని అమ్మ ఇడ్లీ పిండి గిన్నె తీసుకెళ్ళి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ మీద పెట్టిందట, అది పొంగి లోపలికి కారిందట, వారం రోజులు ఇల్లంతా మాడిన ఇడ్లీ వాసనట. అమ్మ నవ్వడం చాలా రోజుల తర్వాత విన్నాను.

మర్నాడు ఆ తలుపు మళ్ళీ ఊడింది. మళ్ళీ పీట, మళ్ళీ కబుర్లు. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి మా బామ్మకి చిరాకొచ్చింది. "ఏం ఇంజనీరువిరా నువ్వు! కార్లు చేస్తావని ఊళ్ళో అందరికీ చెప్పుకుంటున్నాను. జానెడు తలుపు బిగించడం చేతకాదూ?" అని వంటింట్లోంచే దులిపేసింది. "పాత కర్రమ్మా, స్క్రూ పట్టదు" అన్నాడాయన తలెత్తకుండా. కూరల డబ్బాలు పట్టుకొచ్చిన అంకుల్ ఒకాయన "హార్డ్‌వేర్ స్టోర్‌లో కొత్త కీలు దొరుకుతుంది కదండీ, రీప్లేస్ చేసేయండి" అంటే, "చూడాలండీ, వీకెండ్ చూడాలి" అన్నాడు. ఆ వీకెండ్ ఎప్పటికీ రాలేదు.

ఒకరోజు స్కూల్ బస్సు త్వరగా వచ్చింది. బామ్మ పైన నడుం వాల్చినట్టుంది, కింద సద్దు లేదు. నేను మెల్లగా అమ్మ గదిలోకి తొంగి చూస్తే, అమ్మ పక్కకి ఒత్తిగిలి, మందు తాగే స్టీలు చెంచా కాడని కీలు స్క్రూలో పెట్టి తిప్పుతోంది. ఒక తిప్పు తిప్పడం, ఆయాసం తీర్చుకోవడం. నుదుటి మీద చెమట.

"అమ్మా! వాట్ ఆర్ యూ డూయింగ్? నువ్వే పాడుచేస్తున్నావా? నాన్న రోజూ ఫిక్స్ చేస్తున్నాడు కదా!" అన్నాను. నాన్న మీద కోపం ఏమైందో, ఆ నిమిషంలో ఆయన మీద జాలే వచ్చింది నాకు.

అమ్మ నన్ను దగ్గరకి పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకుంది. "గట్టిగా అరవకే. మీ బామ్మ ముందు, వచ్చేపోయే వాళ్ళ ముందు మీ నాన్న నా పక్కన ఊరికే వచ్చి కూర్చుంటారా? చచ్చినా కూర్చోరు. ఆయనకి సిగ్గు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉందనుకో, ఎంతసేపైనా కూర్చుంటారు. ఆయనకి నా మీద ఇష్టం లేక కాదే పిచ్చిమొద్దూ, ఆయనకి అలా ఊరికే కూర్చోవడం ఎవరూ నేర్పలేదు." అప్పటికి నాకు సగమే అర్థమైంది. బాపట్లలో వాళ్ళింట్లో పెద్దవాళ్ళ ఎదుట మొగుడూ పెళ్ళాం ఒక మంచం మీద కూర్చోవడమన్నది లేదు. అమెరికా వచ్చి ఎన్నేళ్ళయినా, తల్లి ఎదురుగా మా నాన్న ఆ ఇంటి పిల్లాడే.

ఆ రోజు నుంచి నేనూ ఆ దొంగతనంలో భాగస్తురాలినయ్యాను. బామ్మ వస్తుంటే దగ్గేదాన్ని. నాన్న పీట వేసుకోగానే హోంవర్క్ పేరు చెప్పి పైకి పోయేదాన్ని. అమ్మ రానురాను చిక్కిపోయింది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. నేను తిప్పనా అంటే ఒప్పుకునేది కాదు. "అక్కర్లేదే, ఈమధ్య తేలిగ్గానే వచ్చేస్తోంది. పాత కర్ర కదా" అనేది గొప్పగా.

అమ్మ ఒక మధ్యాహ్నం పోయింది. నేను స్కూల్లో ఉన్నాను. ఆ తర్వాతి రోజుల గురించి ఇప్పుడు కూడా రాయలేను. కర్మలు అయ్యాయి, మంచం వాళ్ళు వచ్చి తీసుకెళ్ళిపోయారు, వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఖాళీ గదిలో నేను నేల మీద కూర్చుని ఉన్నాను. రోజూ వచ్చే వేళకే మా నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. పీట వేసుకుని కూర్చున్నాడు. తలుపు మీద చేయి వేసి ఊరుకున్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. "నాన్నా, అది దానంతటది ఊడలేదు. అమ్మే తీసేది. చెంచాతో" అని బావురుమన్నాను.

"తెలుసమ్మలూ" అన్నాడు. స్క్రూ తల మీద వేలు పెట్టి చూపించాడు. గాట్లు, గీతలు. "ఇది స్క్రూడ్రైవర్ గీతలా? మొదట్లోనే చూశాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మానేస్తుంది కదే." వేలు స్క్రూ మీంచి తీయలేదు ఆయన. "చివర్లో చేతుల్లో స్ట్రెంత్ లేదు తనకి. అందుకని సగమే బిగించి వదిలేసేవాణ్ణి. తను పోయే ముందురోజు ఇంకా వదులుగా పెట్టాను. చూడు, నేను పెట్టినట్టే ఉంది. తిప్పలేకపోయింది."

అప్పుడు మా నాన్న ఆ స్క్రూ బిగించాడు. నెమ్మదిగా, ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పాడు. ఆ ఇంట్లో అంత గట్టిగా ఆయన ఏదీ బిగించలేదు. బిగించి, ఆ తలుపుకి నుదురు ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. వంటింటి గుమ్మంలో బామ్మ నిలబడి ఉంది. ఆమెని చూసి కూడా ఆయన లేవలేదు. బామ్మ వచ్చి కొడుకు పక్కన నేల మీద కూర్చుంది.

ఆ తలుపు మళ్ళీ ఊడలేదు.

నాకిప్పుడు మనవలు. నేపర్‌విల్ అనే ఊళ్ళో మేముండేదీ పాత ఇల్లే. ఏదో ఒకటి వదులవుతూనే ఉంటుంది, నేనే బాగుచేసుకుంటాను. మా ఆయనకి సుత్తి ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియదు, అయినా పక్కన నిలబడి సలహాలిస్తారు. "ఇంకొక్క తిప్పు తిప్పు, మళ్ళీ ఊడిపోతుంది" అంటారు. నిజమే, ఊడిపోతుంది. కానీ ఆ ఆఖరి తిప్పు తిప్పాలంటే ఈనాటికీ నాకు చేయి రాదు.