చివరి గీజరు

వానాకాలంలో భార్య సమ్మవ్వ పోయాక ఆశన్న నాలుగు నెలలు పానా ముట్టలేదు. బాన్సువాడలో నల్లా పనంటే ఆశన్నే అన్న జనం, నిజామాబాదు నుంచి వేరే మేస్త్రిని పిలిపించుకోవడం మొదలుపెట్టారు. 1986 డిసెంబరులో ఆ ఊరి రైతు బసవపున్నయ్యగారు మాత్రం ఆశన్నకే కబురుపెట్టారు.

"ఈ పని చెడిందంటే ఇక నిన్నెవరూ పిలవరయ్యా," అని ముందే చెప్పేశారు. మంచి మనిషే, మాట దాచుకోలేరు.

ఆ ఇంట్లో తొమ్మిది మంది. ఉన్న గీజరు నీళ్లు ఇద్దరితో సరి. అందుకని రెండోది కొన్నారు. రెండూ కలిసి ఒకే స్నానాలగదికి నీళ్లివ్వాలి. ఆశన్న అలాంటిది ఎప్పుడూ బిగించలేదు. ఎట్ల అని అడిగితే పున్నయ్యగారు పొలం లెక్క చెప్పారు.

"ఏముందయ్యా! కాలవ ఒకటి, తూములు రెండు."

పాత ఆశన్నయితే గంటసేపు వాదించేవాడు. ఈ ఆశన్న తలూపాడు. ట్యాంకు పైపుని ముందు దగ్గరి గీజరుకి, అక్కణ్ణుంచి గోడ చివరనున్న రెండోదానికి సాగదీశాడు. రెండింటి వేడినీళ్లనీ మళ్లీ ఒక పైపులో కలిపాడు. మూడు రోజులూ పున్నయ్యగారి భార్య రాధాకుమారిగారిచ్చిన టీ చల్లారాకే తాగాడు.

నాలుగో రోజు పొద్దున పిల్లలిద్దరి స్నానాలయ్యాయి. రెండు గీజర్లున్న ధీమాతో పున్నయ్యగారు తలంతా కుంకుడు పులుసు పట్టించి నల్లా తిప్పారు. చన్నీళ్లు! తువ్వాలు చుట్టుకుని, కళ్లు మూసుకునే బయటికొచ్చి, వసారా స్తంభాన్ని పట్టుకుని నిలదీశారు.

"ఏమయ్యా ఆశన్నా! ఇందుకా రెండు పెట్టింది?"

"సారూ, నేను ఇటున్న," అన్నాడు వెనకనుంచి, పనెలా ఉందో చూద్దామని వచ్చిన ఆశన్న.

రాధాకుమారిగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆశన్న నవ్వలేదు. లోపలికెళ్లి చూశాడు. దగ్గరి గీజరులో చన్నీళ్లు చేరి, మళ్లీ కాగుతున్నట్టు ఎర్రబల్బు వెలుగుతోంది. చివరిది వెలగనే లేదు. దాని కడుపులో వేడినీళ్లు అలాగే ఉన్నాయి.

"సారూ, మీ పొలం కాలువ మొదట్లనే ఉంది గద. మీ తూము నిండ తెరిస్తె కింది రైతుకు నీళ్లు పోతయా?"

"ఇప్పుడు ఆ గొడవెందుకయ్యా, కళ్లు మండుతుంటే!"

"గీ ముందటి గీజరు మీరు. గా చివరిది కింది రైతు."

"బాగా చెప్పావు ఆశన్నా! ఆ కింది రైతులు ఏటా మొత్తుకునేదదే," అన్నారు రాధాకుమారిగారు.

ఆశన్న దగ్గరి గీజరు వాల్వుని ముప్పావు వంతు మూశాడు. నీళ్లు కాగాక నల్లా వదిలితే, కాసేపటికి రెండు బల్బులూ వెలిగాయి. ఇక వేడి చూడాలి. ఏ ఇంట్లోనైనా పనయ్యాక, వెంటొచ్చి నీళ్లలో వేళ్లు పెట్టి చూసేది సమ్మవ్వే. పానా పట్టి కాయలు కాసిన తన చేతులకి ఏం తెలుస్తుందనేవాడు. ఇవాళ తనే చెయ్యి పెట్టాడు. అలాగే ఉంచాడు.

"చెయ్యి తియ్యి! పొగలొస్తున్నాయి!" రాధాకుమారిగారు అరిచారు.

తీశాడు. కందిన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"కాగినయా అమ్మా?"

"కాగాయి నాయనా."

పానా సంచిలో వేసుకున్నాడు. తల కడుక్కొచ్చిన పున్నయ్యగారు, ఎల్లుండి నస్రుల్లాబాదులో తన బావమరిది ఇంట్లో పనుంది, వస్తావా అన్నారు.

"వస్త," అన్నాడు ఆశన్న. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఆడ నీళ్లు సూసెటందుకు ఎవరన్న ఉంటరా సారూ?"