ముక్కు మేస్త్రీ

మా ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రీ అంటారు. పెళ్లయిన కొత్తలో ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మనిషిని పట్టుకుని వెక్కిరిస్తున్నారు కాబోలు అనుకునేదాన్ని. తీరా చూస్తే అది వెక్కిరింపు కాదు, బిరుదు. షెడ్డుకు ఏ ట్రాక్టరు వచ్చినా, ఇంజన్‌లోంచి ఆయిల్ కొలిచే కడ్డీ లాగి, తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ వాసన చూసి జబ్బు చెప్పేసేవారు. ఆయిల్ మాడిందా, డీజిల్ దిగిందా, రేడియేటరు నీళ్లు కలిశాయా, అన్నీ ఆ ఒక్క పీల్పుతోనే తేలిపోయేవి. పక్క షెడ్డు వెల్డరు ఓసారి పందెం వేసి, ఆయన కళ్లకు గంతలు కట్టి, అయిదు డబ్బాలు ముక్కు కింద పెట్టాడు. అయిదూ సరిగ్గా చెప్పి, "ఆరోది నీ చొక్కా. ఇంటికెళ్లి ఉతుక్కో" అన్నారట. వెల్డరు ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతాడు.

మా షెడ్డు పెద్దదేం కాదు. ఇంటి ముందు రేకుల పందిరి, నూనె తాగి నల్లబడ్డ గచ్చు, గోడనిండా మేకులు, మేకులకు పానాలు. వంటగది కిటికీ అందులోకే తెరుచుకుంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఆయన తుడుపు గుడ్డలు ఉతికేది నేనే. వేణ్ణీళ్లలో సోడా వేసి నానబెట్టి, బకెట్టు మీదికి వంగితే చాలు, ఏ గుడ్డ దేన్ని తుడిచిందో నాకూ తెలిసిపోయేది. మీ దగ్గర నేర్చుకున్న చదువు ఇదొక్కటే అని ఆయన్ని ఆటపట్టించేదాన్ని.

పోయిన వానల్లో ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన వారానికి, ఓ పొద్దున నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆయన పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడిన కంపు పెరట్లో నా దాకా కొట్టింది. పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపి, "ఎంత ముక్కు మేస్త్రీ అయితే మాత్రం పాలు మాడితే తెలీదా? అది అలంకారానికి పెట్టుకున్నారా?" అని అరిచాను. ఆయన లేచి వచ్చి, పొగలో మొహం పెట్టి గట్టిగా పీల్చారు. మళ్లీ పీల్చారు. "ఏ వాసనా తెలియడం లేదే" అన్నారు.

డాక్టరు చీటీ రాస్తూ, "వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. మందులు అయిపోయాయి. వాసన రాలేదు.

"ఎవరికీ చెప్పకే" అన్నారు ఆయన. "ముక్కు పనిచెయ్యని ముక్కు మేస్త్రీ దగ్గరికి ఎవడొస్తాడు?"

"కళ్లున్నాయి, చేతులున్నాయి. వాసన తెలియడం లేదని ఉన్నమాట చెప్పి పని చేసుకోండి. తలేం తెగిపోదు" అన్నాను.

"నీకేం, ఎన్నయినా చెబుతావు" అని విసురుగా లేచిపోయారు. నేను వదిలేశాను. ఆ రోజే పట్టుబట్టాల్సింది. నా బుద్ధి గడ్డి తిన్నది.

అప్పట్నుంచీ మొదలయింది ఆ నాటకం. కడ్డీ లాగడం, గుడ్డకు తుడవడం, కళ్లు మూసుకుని పీల్చడం, తలాడించడం. కిటికీలోంచి చూసి నేను మొహం తిప్పుకునేదాన్ని. మామూలు సర్వీసులకు ముక్కుతో పని లేదు కాబట్టి రోజులు గడిచిపోయాయి. పాత ఆయిల్ వదలాలి, ఫిల్టర్లు మార్చాలి, కొత్త ఆయిల్ పొయ్యాలి. చేతులకు అలవాటైన పని.

జ్వరం వచ్చిన ఏడో నెలలో ట్రాక్టరమ్మ వచ్చింది. ఆమెను అందరూ పిలిచే పేరే అది. పెద్ద ట్రాక్టర్లు దూరలేని పళ్లతోటల్లో, చెట్ల వరసల మధ్య తన చిన్న ట్రాక్టరుతో దున్నిపెడుతుంది. మొగుడు వదిలేసి వెళ్లాక ఆమె బతుకంతా ఆ బండి మీదే నడిచింది. ఇంట్లో మంచం దిగలేని అక్క ఒకామె ఉంది. మా ఆయన్ని నోరారా అన్నా అని పిలుస్తుంది. ఇంకొకరి చేత ఆ బండి బోల్టు కూడా ముట్టించదు.

"ఈసారి విచిత్రం చూశావా అన్నా? ఆయిల్ తగ్గకపోగా పెరిగింది" అంది నవ్వుతూ.

"పోయినసారి నేనే ఓ గుక్క ఎక్కువ పోసుంటాను" అన్నారు ఆయన.

ఇంజన్ కాసేపు తిప్పి వేడెక్కించి, కింద పళ్లెం పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పారు. నూనె పల్చగా కారింది. వేడి మీద ఎలాగూ పల్చగానే ఉంటుంది, అందుకని ఆయన పట్టించుకోలేదు. బోల్టుకు కొత్త వాషరు వేశారు. కొత్త ఫిల్టరు రబ్బరుకు వేలితో నూనె రాసి, చేత్తోనే బిగించారు. ఎయిర్ ఫిల్టరు దుమ్ము దులిపారు. కొత్త ఆయిల్ పోసి, రేడియేటరు నింపారు. అన్నీ పద్ధతిగానే చేశారు, ఆ మాట ఎవరి ముందయినా అంటాను. పని మొదలుపెట్టేముందు కడ్డీ తుడిచిన తెల్లగుడ్డ మాత్రం చివర్లో అందుకుని, కళ్లు మూసుకుని వాసన చూశారు.

"ఎలా ఉందన్నా?"

"బ్రహ్మాండంగా ఉంది. దిగుల్లేకుండా తోలుకో" అన్నారు.

ఆదివారం గుడ్డలు తీశాను. డీజిల్ తుడిచిన గుడ్డలు అంటుకుంటాయని ఆయన విడిగా రేకు డబ్బాలో వేస్తారు. మిగతావే నా బకెట్టులోకి వస్తాయి. ఆ వారం వాటిలో తెల్లగుడ్డ ఒక్కటే, ట్రాక్టరమ్మ బండి కడ్డీ తుడిచింది. దాన్ని ఎత్తగానే గుప్పుమంది. ఇంజన్ ఆయిల్ వాసన కాదు, పచ్చి డీజిల్. డీజిల్ పంపు దగ్గర లీకై ఇంజన్‌లోకి దిగుతోందన్నమాట. ఆయిల్ అందుకే పెరిగింది. అలా పల్చబడితే ఇంజన్ లోపల అరిగి అరిగి పట్టేస్తుందని ఆయన ఎన్నోసార్లు చెప్పగా విన్నదాన్నే.

"ఏంటలా నిలబడిపోయావు?" అన్నారు ఆయన వెనకనుంచి.

ఆయన మొహంలోకి చూశాను. చెబితే ఆయన కుప్పకూలిపోతారు. ఆ బిరుదు నా నోటితో నేనే పీకేసినట్లవుతుంది. "ఏం లేదు, నడుం పట్టేసింది" అన్నాను. గుడ్డ ముంచేశాను. రేకు డబ్బాలో గుడ్డ ఇందులో కలిసిపోయిందేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా కలవదని నాకు తెలుసు.

మూడు వారాలకు ట్రాక్టరమ్మ నడుచుకుంటూ వచ్చింది. తోట మధ్యలో ఇంజన్ పట్టేసిందట. లారీ మీద పెద్ద వర్క్‌షాపుకు చేర్చారట. ఆయిల్‌లో డీజిల్ కలిసి లోపలంతా తినేసింది, ఇక ఇనుప సామాను కిందే లెక్క అన్నారట. తోటల వాళ్లు అప్పుడే ఇంకొకడిని మాట్లాడుకున్నారు. రేపట్నుంచి పళ్ల గోదాములో బుట్టలు మొయ్యడానికి వెళతానంది.

"అదయితే ఎలాగో పడతానన్నా. కానీ తప్పు నాదట! బండిని పట్టించుకోని దాన్నట! తోటల వాళ్లందరి ముందూ అన్నాడు ఆ వర్క్‌షాపు మేస్త్రీ. మా అన్న మొన్ననే వాసన చూసి బాగుందన్నాడు, ఆయన ముక్కు అబద్ధం చెప్పదు అని కొట్లాడి వచ్చాను. నువ్వొక్కసారి వచ్చి ఆ మాట చెప్పన్నా."

ఆయన తల వంచుకుని చేతిలో పానాన్ని తుడుస్తూ కూర్చున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు. ఇక తట్టుకోవడం నా వల్ల కాలేదు.

"ఆయనకు వాసన తెలీదమ్మా" అన్నాను. "జ్వరమొచ్చినప్పట్నుంచీ అంతే. ఊరికే పీల్చినట్లు చేశారు. ఆ గుడ్డ ఆ రోజే డీజిల్ కంపు కొట్టింది. నీ తప్పేం లేదు తల్లీ."

"నిజమా అన్నా?" అంది. ఆయన తలూపారు. ఎత్తలేదు.

ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నావైపు తిరిగింది.

"అన్నకు వాసన రాదంటున్నావు. మరి ఆ గుడ్డ వాసన చూసిందెవరు వదినా?"

అప్పుడు ఆయన తలెత్తారు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"నేనే" అన్నాను.

"ఎప్పుడు?" అన్నారు ఆయన.

"ఆ ఆదివారమే."

ట్రాక్టరమ్మ లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఆ మూడు వారాలూ రోజూ పొద్దున ఆమె తోటలకు వెళ్లింది మా ఇంటి ముందు నుంచే. నన్ను చూసి బండి మీంచి చెయ్యి ఊపేది. నేనూ ఊపాను.