ఐదో ఆయన

గ్రీకు మాస్టారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఖాళీ కుర్చీకి పాఠం చెబుతారు.

మిగతా విషయాల్లో ఆయనంత బుద్ధిమంతుడు లేడు. వేళకు వస్తారు. సుద్దముక్కని వేళ్ళకి అందినంతవరకూ వాడతారు. సువార్తలు మొదట రాసిన పాత గ్రీకుని, ఇంట్లో మాట్లాడుకునే భాషంత తేలిగ్గా చదువుతారు. కానీ బైబిలు కాలేజీ వెనక గదిలో సాయంత్రం పాఠానికి వచ్చేది నలుగురైతే, ఆయన ఐదు కుర్చీలు వేయిస్తారు. ఐదోది గోడవార, కిటికీ పక్కన. దాని ముందు బల్లమీద పుస్తకం తెరిచి ఉంటుంది. గాలికి పేజీ దానంతటదే తిరిగితే మాస్టారు అటు చూసి, "తొందరపడకండి, మనం ఇంకా అక్కడికి రాలేదు," అంటారు.

ఆ పాఠానికి ఒక టైలరమ్మ చేరిన రోజే ఒక రిటైరైన బస్సు కండక్టరూ చేరాడు. జన్మంతా ఖాళీ సీట్లు నింపిన మనిషి. తిన్నగా వెళ్ళి ఐదో కుర్చీలో కూలబడబోయాడు.

"అయ్యయ్యో, ఆగండి! ఆయన ఒళ్ళో కూర్చుంటారా?" అని మాస్టారు కేకేశారు.

కండక్టరు సగం వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. "ఎవరి ఒళ్ళో సార్?"

"పాత విద్యార్థి. ఎప్పుడో చేరాడు, ఇంకా పాసవలేదు."

కండక్టరు పిల్లిలా వచ్చి టైలరమ్మ పక్కన కూర్చున్నాడు. "చచ్చాక కూడా పరీక్షలేనా చెల్లెమ్మా?" అన్నాడు చెవిలో.

టైలరమ్మ అక్కడికి రావడానికి కారణం ఒక అంగీ. సిలువ దగ్గర సైనికులు ఎవరికి దక్కాలో తేల్చుకోడానికి చీట్లు వేసుకున్న ప్రభువు అంగీ, ఎక్కడా కుట్టు లేనిది. ముప్పయ్యేళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి ఆ మాట విని ఊరుకోగలదా? కుట్టు లేకుండా మెడ ఎలా పెట్టారు? మొదట రాసిన భాషలోనే చదివి తేల్చుకుందామని వచ్చింది. అయితే చిన్నప్పుడు బళ్ళో, అర్థం కాలేదని చెయ్యెత్తినందుకు పంతులు ఆమెని బెంచీ ఎక్కించాడు. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి బడి మానేసింది. అప్పటినుంచి ఎవరినీ ఏదీ అడగలేదు. బట్టలు కుట్టే చేత్తోనే నోరూ కుట్టేసుకుంది. ఇక్కడా అర్థం కాకపోతే చప్పుడు కాకుండా జారుకుందామనే తలుపు పక్కన కూర్చుంది.

రెండో వారమే ఆ సమయం వచ్చింది. బోర్డుమీద ఒకే మాట రకరకాల తోకలు తగిలించుకుని వరసగా నిలబడింది. 'ఇందాక కర్త అయినవాడు ఇప్పుడు కర్మ ఎలా అయ్యాడు?' అనుకుంది. అనుకున్నదంతే. పెదవి కూడా కదపలేదు.

మాస్టారు చటుక్కున కిటికీవైపు తిరిగారు. "ఏమంటారు? కర్త కర్మ ఎలా అయ్యాడంటారా? మంచి ప్రశ్న. మళ్ళీ చెబుతాను."

టైలరమ్మ బిత్తరపోయి ఆ ఖాళీ కుర్చీవైపు చూసింది. రెండోసారి చెప్పింది శుభ్రంగా అర్థమైంది, కానీ ఆ సంతోషం ఎక్కడ నిలుస్తుంది? ఆరోజు మొదలు ఇదే తంతు. ఆమెకి రానిదల్లా ఐదో ఆయనకీ రాదు. ఆమె ఎక్కడ తడబడితే ఆయన అక్కడే ఆగుతాడు. కుర్చీ మారింది, కొంగు తలమీదికి లాక్కుంది, లాభం లేదు.

"అన్నయ్యా, ఆయన నా బుర్రలోకి దూరుతున్నాడు," అంది ఒకరోజు మెట్లమీద, గదివైపు వెనక్కి చూస్తూ.

"నీ బుర్రలోకేనా? నిన్న నా బుర్రలోనూ దిగాడు. లోపలంతా ఖాళీయే కదా, సర్దుకున్నాడు," అన్నాడు కండక్టరు. అతని మొహంలోనూ నెత్తుటిచుక్క లేదు.

మరో సాయంత్రం పాఠం మధ్యలో కరెంటు పోయింది. గది కాటుక పూసినట్టైంది. మాస్టారు ఆపలేదు. ఆ చీకట్లో, ఎప్పుడో చచ్చిపోయిన భాషలో ఆయన గొంతు ఒక్కటే తిరుగుతోంటే టైలరమ్మ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. మొదటి వాక్యం అర్థం కాలేదు. రెండోదీ కాలేదు. ఐదో ఆయన ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని ఊపిరి బిగబట్టింది. ఆయన నోరెత్తలేదు. కిటికీ దగ్గర కుర్చీ మాత్రం ఒకసారి కిర్రుమంది.

లైటు వెలిగింది. మాస్టారు ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చారు. కండక్టరు బుర్ర గోక్కుంటున్నాడు. టైలరమ్మ కనుబొమలు ముడిపడి ఉన్నాయి. అప్పుడు కుర్చీవైపు తిరిగి, "ఇందాకట్నుంచి అర్థం కాకపోతే చెప్పరేమండీ?" అని మందలించారు.

టైలరమ్మకి తల తిరిగినంత పనైంది. చీకట్లో దయ్యానికి బలం రావాలి గానీ, నోరు పడిపోవడమేమిటి? చీకట్లో మాస్టారికి కనబడనివి తమ మొహాలే! అడగడానికి సిగ్గుపడేవాళ్ళ ప్రశ్నలన్నీ మొహాల్లోనే చదివి, ఆ ముసలాయన ఖాళీ కుర్చీ నెత్తిన వేస్తున్నారు. ఇన్నాళ్ళూ ఆ గదిలో మొద్దు అనిపించుకున్నది ఐదో ఆయన ఒక్కడే. ఆమెకి నవ్వొచ్చింది. మాస్టారి మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది. మరి కుర్చీ ఎందుకు కిర్రుమందో మాత్రం ఆలోచించదలచుకోలేదు.

సరిగ్గా అంగీ పాఠం నాడు ప్రిన్సిపాలు దిగాడు. "మీరు దయ్యానికి పాఠం చెబుతున్నారని బయటంతా గుప్పుమంది. నిజమైతే ఈ క్లాసు ఇవాళ్టితో మూసేస్తాను," అని మాస్టారి చేతిలో పుస్తకం తీసుకుని గోడకి ఆనుకున్నాడు.

మాస్టారు ఆరోజూ ఐదు కుర్చీలే వేయించారు. కానీ కిటికీవైపు ఒక్కసారి కూడా చూడలేదు. బోర్డుమీద వాక్యం రాస్తూ రాస్తూ ఆగిపోయారు. 'కుట్టు లేని' అనడానికి గ్రీకు మాట గుర్తు రాలేదు. ప్రిన్సిపాలు గొంతు సవరించుకున్నాడు.

టైలరమ్మకి చిన్నప్పటి బెంచీ గుర్తొచ్చింది. అయినా, ఆ మాట కోసమే వచ్చి ఎప్పుడో కంఠతా పట్టిన మనిషి, చెయ్యెత్తింది.

"మాస్టారూ, ఐదో ఆయన ఏదో గొణుగుతున్నాడండి. అరఫోస్ అంటున్నాడు. సరేనా అని అడుగుతున్నాడు."

మాస్టారు ఆమెని చూశారు, కుర్చీని చూశారు. మొహం వెలిగిపోయింది. "సరేనండీ! ఇన్నాళ్ళకి ఒక్కటి సరిగ్గా చెప్పారు!"

"ఎవరమ్మా చెప్పింది?" ప్రిన్సిపాలు గొంతు పీలగా వచ్చింది.

"కిటికీ పక్క సీటు సార్," అన్నాడు కండక్టరు. "టిక్కెట్టుంది, నేను చూశాను."

టైలరమ్మ చెయ్యి ఇంకా దించలేదు. "ఇంకోటండి. ఇది ఆయనది కాదు, నాది. కుట్టే లేకపోతే మెడ ఎలా పెట్టారు?"

"పైనుంచి కిందిదాకా ఒకే నేతమ్మా. మగ్గం మీదే మెడకి సందు వదిలి ఉంటారు."

"మరి దర్జీకి పనేముందండీ?"

"తొడుక్కున్నవాడికి పొట్ట పెరిగితే ఉంటుంది."

అందరూ నవ్వారు. ఈసారి ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. మాస్టారు ఆ ఊపులో వాక్యమంతా విడదీసి చెప్పారు. ప్రిన్సిపాలు చేతిలో పుస్తకాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. విద్యార్థిగా ఇదే గదిలో కూర్చున్న రోజుల నుంచీ ఆయన అర్థమైనట్టు తలూపుతూనే పైకొచ్చిన మనిషి. తలుపు వంక చూశాడు. చివరికి మెల్లిగా అన్నాడు:

"మాస్టారూ, కిటికీ పక్కన ఆయనకి ఇంకా అర్థమైనట్టు లేదు. ఇంకొక్కసారి చెప్పండి."

పాఠం అయ్యాక అందరూ వెళ్ళారు. ఆఖరున టైలరమ్మ లైటు ఆర్పి, గడపలో ఆగి, "వెళ్ళొస్తానండీ," అంది చీకట్లోకి.

కుర్చీ కిర్రుమంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. కానీ మెట్లు మాత్రం కొంచెం గబగబానే దిగింది, నవ్వుకుంటూ.